బిగించిన క్యారేజీ

నీటి బుడగలతోనే గిన్నెలు కడిగేసే బుడగల తొట్టె ఇంటింటికీ వచ్చాక అంట్లు తోమే చప్పుడే పోయింది. హైమవతి ఆదివారం ఆదివారం, పోయిన భర్త క్యారేజీని విప్పకుండానే అందులో వేసేది.

తొట్టె బాగుచేయడానికి వచ్చిన నాగరత్నం క్యారేజీని తిప్పి చూసింది. గిన్నెలు నున్నగా ఉన్నాయి. పక్కపట్టీ మాత్రం చెద తిన్నట్టు గుంటలు పడింది.

"బిగించే వేస్తున్నారా అమ్మగారూ? లాగిపట్టిన రేకునే బుడగలు ముందు కొరుకుతాయండి. ఇంకో నెలకి పుటుక్కుమంటది."

"ఆయన ఆఖరిసారి కడిగి బిగించింది, రత్నం."

"అయితే తొట్టెలో వేయకండి."

"దుమ్ము పడితే ఆయన ఊరుకునేవారు కాదు."

నాగరత్నం వెళ్లాక హైమవతి క్యారేజీ కొక్కెం ఎత్తింది. మూడేళ్ల బిగువు టక్కున వదిలింది. గిన్నెలు విడివిడిగా కడిగి, తుడిచి, పేర్చింది. ఎంత నొక్కినా ఆయన బిగించినంత గట్టిగా కొక్కెం పడలేదు.