‘ఇ’ తోక

ఉదయం పది గంటలకు పెయింటర్ రెండు పేటల మధ్య గోడ మీద ‘ఇదే మన ఊరు’ అని రాయడం పూర్తి చేశాడు. అల్లర్లు జరిగి పన్నెండేళ్లయింది.

అవతలి పేట ముసలావిడ కళ్లజోడు సర్దుకుని చదివింది.

“బాగుంది నాయనా. ఆ ‘ఇ’ తోక వంకర మాత్రం పోలేదు.”

“నా రాత మీకెలా తెలుసు పిన్నిగారూ?”

“ఆ రోజు మా తలుపు మీద రాశావుగా, ‘ఇదే’ అని. గుంపు నేరుగా వచ్చింది. మా ఆయన్ని బతకనివ్వలేదు.”

అతను కుంచె కింద పెట్టాడు. “నేను రాశానంతే పిన్నీ...”

“వాళ్లు చదివారంతే.”

ఆవిడ వెళ్లబోతూ ఆగి అంది. “సాయంత్రం శాంతి సభకి ఆ తలుపు తెప్పిస్తున్నా. ఎవరు రాశారో నేను చెప్పను. అది నీ పని.”

సభ ఐదింటికి. వక్తల పేర్లు బోర్డు మీద రాయాల్సిందీ అతనే. మొట్టమొదట తన పేరు రాశాడు.