మాడిన పోపు

"అక్కా, మళ్ళీనా!"

బుజ్జి కుర్చీలోంచి లేచేలోపే పొగ అలారం చెవులు చిల్లులు పడేలా అరవడం మొదలుపెట్టింది. హాస్టల్ వంటగదిలో పోపులపెట్టె మాత్రం మూకుడు ముందు తాపీగా నిలబడి ఉంది. ఆ పేరు అక్కడి తెలుగు పిల్లలు పెట్టిందే. పరాయి దేశంలో చదువుకోవడానికి పుస్తకాలకన్నా ముందు ఆవాలూ జీలకర్రా సర్దుకొచ్చిన మనిషికి ఇంకేం పేరు పెడతారు? బుజ్జికి గదిలో తోడు ఆమే, అక్కా ఆమే.

"కిటికీ అయినా తీసుకోవచ్చుగా?"

"చలి వస్తుందే."

"ఇప్పుడు బయట నిలబడితే రాదా?"

అలారం మోగిందంటే హాస్టలంతా ఖాళీ చేయాలి. కాపలాదారు తాళాలగుత్తి పట్టుకుని ఒక్కో తలుపూ బాదుతాడు. తీయకపోతే తనే తీసి, లోపల ఈగ కూడా లేదని చూసుకుంటాడు. ఫైరింజన్ వాళ్ళు వచ్చి సరేననేదాకా అందరూ ఆవరణలో వణకాల్సిందే.

తలనిండా షాంపూ నురగతో ఒకతి, తెరిచిన పుస్తకంతో ఇంకొకతి, అందరి చూపులూ ఈ ఇద్దరి మీదే. బుజ్జికి తల కొట్టేసినట్టయింది. పోపులపెట్టెకు చీమ కుట్టినట్టయినా లేదు. వస్తూ వస్తూ రెండు శాలువాలు తెచ్చుకుంది. ఒకటి తను కప్పుకుంది. అందరికన్నా ఆఖర్న కాపలాదారు వెంట దిగివచ్చిన మూలగది పిల్లకు రెండోది చుట్టింది. పరీక్ష తప్పినప్పటినుంచీ ఆ పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"జుట్టేంటే ఇది? పిచ్చుక కాపురం పెట్టిందా? ఇటు తిరుగు."

వేళ్ళతోనే చిక్కు తీస్తూ, జేబులోంచి వేయించిన పల్లీలు తీసి ఆ పిల్ల చేతిలో పోస్తూ ఒకటే కబుర్లు. ఆ పిల్ల కూడా మెల్లగా ఏదో అంది. పోపులపెట్టె పకపకా నవ్వింది.

"నేనిక్కడ గడ్డకట్టిపోతుంటే నీకు పేరంటం కబుర్లా?" బుజ్జి పళ్ళు కొరికింది. "పైగా ఆ శాలువా నాది!"

"నువ్వు గట్టిపిండానివిలే."

వార్డెన్ వచ్చి ఒక్కటే మాట చెప్పింది. ఇంకోసారి మోగితే ఇద్దరూ గది ఖాళీ చేయాలి.

బుజ్జి అక్క చెయ్యి పట్టి పక్కకు లాగింది. పరీక్షలు నెత్తి మీదున్నాయి. ఈ చలిలో ఇంకో గది దొరకడమంటే మాటలా?

"ఇంక మాడ్చనని ఒట్టు వెయ్యి."

"వెళ్ళి చదువుకోవే" అంది పోపులపెట్టె. ఒట్టు మాత్రం వేయలేదు.

వారం తిరక్కుండానే, ఒక సాయంత్రం మళ్ళీ మాడువాసన. బుజ్జి పరుగున వెళ్ళేసరికి మూకుడులో ఆవాలు బొగ్గులయ్యాయి. పక్కన పప్పు లేదు, పులుసు లేదు, అన్నం గిన్నె కూడా లేదు.

"దేనికే ఈ పోపు? నీ తలకా?"

అలారం జవాబు చెప్పనివ్వలేదు.

"తప్పంతా నాదే, ఈ పిల్లకేం తెలియదు" అని వార్డెన్ ముందు పోపులపెట్టె అంతా తన మీద వేసుకుంది. దాంతో బుజ్జికి ఆఖరి అవకాశం దక్కింది. అక్కకు దక్కలేదు.

సామాను సర్దుకుంటున్నంతసేపూ బుజ్జి మూతి ముడుచుకునే కూర్చుంది.

"ఊరికి ఆ చివర గది దొరికిందిలే, బెంగపడకు. ఈ పోపుల డబ్బా నువ్వు ఉంచుకో."

"నాకెందుకు? నేను పెరుగన్నం తిని బతికేస్తా."

"ఆవాలు నిండుగా ఉన్నాయి" అంటూ డబ్బా బల్ల మీద పెట్టి, పోపులపెట్టె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

హాస్టల్ చల్లబడింది. ఇంక హాయిగా చదువుకోవచ్చనుకుంది బుజ్జి. తీరా కూర్చుంటే అక్షరం తలకెక్కలేదు. ఖాళీ మంచం బావురుమంటోంది. అలవాటు కొద్దీ ఆ సాయంత్రం ఇద్దరికి సరిపడా వండేసింది. అక్క వాటా పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళి మూలగది తలుపు కొట్టింది.

"అన్నం తెచ్చానే."

"ఆకలి లేదక్కా." నూతిలోంచి వచ్చినట్టుంది గొంతు.

"పోనీ బయటికి రా. కాసేపు కబుర్లు చెప్పుకుందాం."

బుజ్జి మళ్ళీ తలుపు తట్టింది.

"తలుపైనా తియ్యవే!"

లోపల దీపం కూడా వెలగడం లేదు. గడప పక్కన ఎవరో ఎప్పుడో పెట్టి వెళ్ళిన రొట్టె ఎండి కొయ్యయిపోయి ఉంది.

బుజ్జికి కాపలాదారు తాళాలగుత్తి గుర్తొచ్చింది. వార్డెన్ మాట కూడా గుర్తొచ్చింది. పళ్ళెం కింద పెట్టి, గదిలోకి వెళ్ళి పోపుల డబ్బా, శాలువా తీసుకుని వంటగదికి వచ్చింది.

కిటికీ మూసి, ఖాళీ మూకుడులో గుప్పెడు ఆవాలు మాడబెట్టింది.