మలుపులో దీపం

ఆ మనిషి మళ్ళీ వెనకే వస్తున్నాడు.

స్నిగ్ధ పసుపు చున్నీ గట్టిగా చుట్టుకుని నడక పెంచింది. యూనివర్సిటీ లైబ్రరీ నుంచి తార్నాక గేటుకు పోయే రోడ్డు. చెట్ల కింద అప్పుడే మసక కమ్మింది.

చేతిలో ఫోన్. అందులో క్యాంపస్ పిల్లలెవరో తయారుచేసిన మ్యాప్. ఏ దారిలో దీపాలు వెలగడం లేదో, ఎక్కడ కుక్కలు తిరుగుతున్నాయో ఎవరైనా గుర్తు పెట్టొచ్చు. ఎక్కువ గుర్తులు ‘మిణుగురు’ అనే పేరుతోనే ఉంటాయి. ఆ మిణుగురు ఎవరో ఎవరికీ తెలియదు.

మిణుగురు మంచిదన్న దారిలోనే స్నిగ్ధ నడుస్తుంది.

రేపు సైకాలజీ సెమినార్లో ఆమె చదవబోయే పేపరు మాత్రం వేరే మాట అంటుంది. ఇంటర్నెట్లో జనం ఊరికే రాసేదాంట్లో సరుకు లేదు, అదంతా నలుగురి కళ్ళల్లో పడాలన్న యావ.

“మరి మ్యాప్ చూడంది కాలు బయట పెట్టవేందే?” అంది మధ్యాహ్నం రూమ్మేట్ రజిని.

“అది వేరే.”

“ఏం వేరే? రేపు మిణుగురును పిలుస్త, ముందు కుర్చీల కూసోబెడత.”

“ఆ రాసేది ఎవరో హాస్టల్ అమ్మాయే. భయం తెలిసినవాళ్ళకే ఆ జాగ్రత్త ఉంటుంది.”

వెనక అడుగులు ఆగాయి.

తిరిగి చూసింది. యాభై దాటిన మనిషి. నలిగిన చొక్కా. ఫోన్ పైకెత్తి తన వైపే పట్టుకున్నాడు.

స్నిగ్ధ గేటు దాకా పరుగెత్తింది.

“అన్నా, అతను నా ఫోటోలు తీస్తున్నాడు.”

గేటు కాపలా రాజలింగం ఆ మనిషిని రెక్క పట్టి లాక్కొచ్చాడు.

“గీడ నీకేం పని?”

“సీతాఫల్‌మండిల ఉంట సార్. రోజూ గిట్ల నడుస్త.”

“నడుస్తవా, ఆడపిల్లల ఫోటోలు తీస్తవా?”

“ఈ బిడ్డను కాదు సార్, ఆ మలుపుల...”

అతను స్నిగ్ధ వైపు చూశాడు. ఆమె రాజలింగం వెనక్కి జరిగింది. చెప్పబోయింది మింగేశాడు.

“నన్ను చూసి బెదిరినవా బిడ్డా? తప్పయింది. ఇగ రాను.”

వెళ్ళిపోయాడు.

మర్నాడు సెమినార్లో చప్పట్లు బాగానే పడ్డాయి.

సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద నిలబడి మ్యాప్ తెరిచింది. కొత్త గుర్తు ఒక్కటీ లేదు. ఏ దారిన పోవాలో తోచలేదు.

మిణుగురు పెట్టిన చివరి గుర్తు నిన్నటిది. వేలితో నొక్కింది.

‘ఈ మలుపుల దీపం పోయింది. బిడ్డలు ఒక్కరే రావద్దు.’

కింద ఫోటో. వెలగని దీపస్తంభం. దాని కింద నడుస్తున్న అమ్మాయి కనపడకుండా జాగ్రత్తగా కత్తిరించినా, ఓ మూల మిగిలిపోయిన పసుపు చున్నీ కొస.