బుధవారం కాన్పు

"బుధవారం అయితే నేను ఆస్పత్రి గుమ్మం తొక్కను," అంది బసవమ్మ, కూతురికి కలిపిన పెరుగన్నం గిన్నెను బల్లమీద చప్పుడయ్యేలా పెట్టి.

"నువ్వు తొక్కినా తొక్కకపోయినా కాన్పు బుధవారమేనమ్మా," అంది హిమబిందు.

తల్లీకూతుళ్ళిద్దరూ మొండిఘటాలే. ఎవరిది ఎక్కువో కొల్లూరులో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. హిమబిందు కొడుకు బాబీకి ఒంట్లో నెత్తురు నిలవని జబ్బు. నెలనెలా గుంటూరు తీసుకెళ్ళి ఎవరిదో నెత్తురు ఎక్కిస్తేగానీ వాడు లేచి ఆడుకోడు. కడుపులో ఉన్న బిడ్డకు ఆ జబ్బు లేదనీ, బాబీకి సరిగ్గా సరిపోతుందనీ పరీక్షల్లో తేలింది. పుట్టగానే బొడ్డుతాడులో మిగిలే నెత్తురు పట్టి దాచితే, అందులోని మూలకణాలతో వాడి జబ్బు కుదర్చవచ్చని చెన్నై డాక్టర్లు చెప్పారు. ఆ నెత్తురు పట్టే మనిషి సంచీ తీసుకుని తెనాలి ఆస్పత్రికి వచ్చేది బుధవారమే. అతను మళ్ళీ వచ్చేదాకా నొప్పులు ఆగుతాయా?

బసవమ్మ బాధల్లా నక్షత్రంతోనే. బుధవారం జ్యేష్ఠ. జ్యేష్ఠలో పుట్టిన బిడ్డ అన్నకు కీడు.

"అన్నని బతికించడానికి పుడుతున్న బిడ్డ అన్నకి కీడా? నీ నక్షత్రం వాడికి ఒక్కసారైనా నెత్తురిచ్చిందా అమ్మా?" అంది హిమబిందు.

బసవమ్మ గొడుగు తీసుకుని కొలకలూరు బస్సెక్కి వెంకటప్పయ్య సిద్ధాంతి దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడింది.

"సరే, బుధవారమే కానియ్. కానీ పొద్దున తొమ్మిదిలోపు బిడ్డ బయటపడాలి. సాయంత్రమంటే మాత్రం ఊరుకోను."

హిమబిందుకు ఒళ్ళు మండిపోయింది. డాక్టర్ సామ్రాజ్యంగారు ఆపరేషన్ సాయంత్రానికి పెట్టింది. సంచీ మనిషి దిగేది పొద్దుటి బండికి. అది లేటయితే బొడ్డుతాడుతోపాటు బాబీ ప్రాణం కాస్తా బకెట్లోకి పోతుంది. ఎంత చెప్పినా బసవమ్మ చెవిన పెట్టలేదు. డాక్టరమ్మ ఇంటికి పోయి, ఆవిడ సరేననేదాకా మెట్లమీదే కూర్చుంది.

అనుకున్నంతా అయింది. బుధవారం పొద్దున బండి లేటు. ఆపరేషన్ థియేటర్ బయట ఆకుపచ్చ గౌనులో హిమబిందు బెంచీకి అతుక్కుపోయింది. బసవమ్మ గోడ గడియారం కిందనే నిలబడి ఉంది.

"లేచి లోపలికి పదవే."

"సంచీ మనిషి రాకుండా కదలను. నువ్వు కాదు, ఆస్పత్రంతా వచ్చి ఎత్తినా కదలను."

ఇద్దరి మధ్యా సామ్రాజ్యంగారు చేతులు కట్టుకుని నిలబడింది. పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటి పురుడు ఆవిడా చూడలేదు. కాసేపటికి బసవమ్మ విసవిసా బయటికి నడిచింది. పీడ వదిలిందనుకుంది హిమబిందు. ఎనిమిది దాటాక ఆస్పత్రి ముందు ఆటో ఆగింది. అందులోంచి బసవమ్మ దిగింది, ఒక కుర్రాడి మణికట్టు పట్టుకుని. స్టేషన్లో బండి దిగినవాణ్ణి దిగినట్టే లాక్కొచ్చింది. టీ నీళ్ళు కూడా తాగనివ్వలేదని అతను నర్సుతో మొర పెట్టుకున్నాడు.

తొమ్మిది కాకముందే ఆడపిల్ల పుట్టింది. సంచీ నిండింది. అతను దాన్ని పెట్టెలో పెట్టి, మధ్యాహ్నం బండికి చెన్నై వెళ్ళిపోయాడు. హిమబిందు దాచుకోకుండా ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆమె సంతోషంతో ఏడవడం అదే మొదలు.

మర్నాడు సిద్ధాంతి పిల్లను చూడటానికొచ్చి, శాంతి చేయించాలన్నాడు. హిమబిందుకు నవ్వొచ్చింది.

"మా బాబీకేనా సిద్ధాంతిగారూ? వాడి శాంతి నిన్ననే రైలెక్కి వెళ్ళిపోయిందండి. పొద్దునే కావాలని మా అమ్మ పెట్టిన రభసకి అది కాస్తా తప్పిపోయేది."

"ఊరుకోవే," అంది బసవమ్మ. కాళ్ళు చాపుకుని, మనవరాల్ని కాళ్ళమీద పడుకోబెట్టుకుని ఉంది.

"బాబీకి ఏ దోషమూ లేదమ్మా," అన్నాడు సిద్ధాంతి. "జ్యేష్ఠలో ఒక్కో భాగం ఒక్కొక్కరి మీద ఉంటుంది. నిన్న సాయంత్రం పుట్టుంటే తల్లికి, అంటే నీకు. రాత్రయితే అన్నకి. అది విన్నాకే మీ అమ్మ పొద్దున భాగం కావాలని పట్టుబట్టింది. వద్దమ్మా అని నేను చెబుతూనే ఉన్నాను."

హిమబిందు నవ్వు ఆగింది.

"పొద్దున భాగం ఎవరిదండి?"

బసవమ్మ తలెత్తలేదు. పిల్ల బొడ్డు దగ్గర గుడ్డ సర్దుతూనే ఉంది.

"అమ్మమ్మది," అన్నాడు సిద్ధాంతి.