కాపలావాడి రొట్టె

"ఆ తలుపు ఇక తెరుచుకోదు," అంది వైశాలి, మౌస్ మీద నుంచి చెయ్యి తీసేస్తూ.

కమలాకర్ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. మట్టితో చేసిన కాపలావాడు మట్టి తలుపు ముందు నిలబడి, కనురెప్పలు ఒకసారి ఆడించి, ఎప్పుడూ అనే జర్మన్ మాటే అన్నాడు. "హొయ్టె నిష్ట్." ఈరోజు కాదు.

"తెరుచుకుంటుంది. ఏదో వదిలేసి ఉంటాం. ఆ దీపం కింద నొక్కి చూడు."

"నొక్కాను. దీపం కింద, వాడి టోపీ మీద, గోడలో ప్రతి ఇటుక మీదా. ఎండాకాలం నుంచీ మనం చేస్తున్నది అదే కదా." ఆమె కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. "వాడికి రొట్టె కావాలి కమల్. మొదటి ఊళ్ళో మనకి దొరికిందే, అది. ఎప్పుడో కాకికి వేసేసి ఉంటాం. అది లేకపోతే ఈ ఆట ఇక్కడితో సరి. ఎన్నేళ్ళు నొక్కినా అంతే."

"నీకెలా తెలుసు?"

వైశాలి మౌస్ తీగ చిక్కు తీయసాగింది.

"నెట్‌లో చూశావా?"

"మొన్న ట్రైన్‌లో. తలుపు దాకానే చదివాను. ఆ తర్వాత ఒక్క లైను కూడా చూడలేదు, ప్రామిస్."

కమలాకర్ అప్పుడు తెర మీద నుంచి చూపు తిప్పి ఆమెను చూశాడు.

జర్మనీలో ఈ బ్యోబ్లింగెన్ ఊరికి వచ్చిన మొదటి చలికాలంలో, పాత సామాన్ల సంతలో ఆ ఆట సీడీ కొన్నారు. అట్ట మీది బొమ్మల బుగ్గలపై, వాటిని చేసినవాళ్ళ వేలిముద్రలు కనిపిస్తున్నాయని వైశాలి ముచ్చటపడింది. రెండు వారాలు ఆడి పక్కన పెట్టేశారు. మళ్ళీ ఈ ఏడాది, సామాన్లు పంచుకుంటుంటే బయటపడింది.

ఇక్కడ విడాకులకు ముందు ఏడాదిపాటు విడిగా బతకాలి. వేరే ఇల్లు దొరక్కపోతే ఒకే కప్పు కింద ఉండొచ్చు. కానీ ఎవరి వంట వాళ్ళది, ఎవరి ఉతుకు వాళ్ళది అని లాయరు గట్టిగా చెప్పాడు. ఫ్రిజ్‌లో పై అర ఆమెది, కింది అర అతనిది. ఇద్దరికీ కలిపి మిగిలింది ఆదివారం మధ్యాహ్నం ఆట ఒక్కటే.

"ఇదొక్కటి పూర్తి చేసి వెళ్ళు," అని ఆరోజు అతనే అడిగాడు.

"సరే. కానీ సమాధానాలు చూడకూడదు," అని ఆమే రూలు పెట్టింది.

గొడుగును చేపకు తగిలిస్తే గంట మోగే ఆట అది. ఎందుకు మోగుతుందో చేసినవాళ్ళకే తెలియాలి. విసుగొచ్చి తిట్టుకుంటూనే తలుపు దాకా వచ్చారు. కాపలావాడి మాట మొదటిసారి విన్నప్పుడు, "అచ్చం వీసా ఆఫీసు కౌంటర్లో ఆవిడే," అంది వైశాలి. ఇద్దరూ పగలబడి నవ్వారు. విడిపోదామనుకున్నాక కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

"రూలు పెట్టింది నువ్వు," అన్నాడతను.

"అవును. తప్పు నాదే. డ్రెస్డెన్‌లో ఉద్యోగం ఇచ్చినవాళ్ళు ఇక ఆగరట. రెండుసార్లు వాయిదా అడిగాను. ఒకటో తారీఖుకి చేరకపోతే ఇంకొకర్ని తీసుకుంటారట."

"అయితే వెళ్ళు. ఆట దేనికి?"

"పూర్తి చేస్తానని మాటిచ్చాను కదా."

ఆమె వెళ్ళడం ద్రోహమని అతనెప్పుడూ అనుకోలేదు. పక్కనే కూర్చుని, తనకు తెలియకుండా ఆ దారి చూసుకుని రావడమే అతన్ని కోసేస్తోంది. తను ఒక్కో ఇటుకా చూపిస్తుంటే, ఈ మధ్యాహ్నమంతా ఆమె తెలిసే నొక్కింది. ఒక మనిషిని వదిలించుకోవడానికి ఇంత తొందరా?

"ఇంతకీ కాకికి రొట్టె వేసిందెవరు?" అంది వైశాలి.

"ఇంకెవరు? కనిపించిందల్లా నొక్కేది నువ్వే కదా."

"నాకు గుర్తులేదు. అయ్యుంటుందిలే. సారీ."

ఆ సారీ వినగానే అతనికి కోపం ఇంకా పెరిగింది.

"అలా మొహం పెట్టకు కమల్. మొదటి ఊళ్ళో ఆట ఆపి దాచుకున్న సేవ్ ఒకటి ఉండాలి." ఆమె వెతికి తెరిచింది. ఎండలో బావి, గట్టు మీద కాకి. సంచిలో రొట్టె, తెగిన దారం, ఒక గుండీ. "ఇదిగో రొట్టె! మిగతాదంతా తెలిసిన దారే. చీకటి పడేలోపు తలుపు దాటేస్తాం. ఈసారి కాకి వైపు చూడను కూడా చూడను." తెరకు దగ్గరగా వంగింది. "ఈ గుండీ దేనికంటావ్?"

"దేనికీ కాదు. ఊరికే పెట్టారు."

"నీకు నిజంగా కోపం వచ్చింది."

"నన్ను మోసం చేశావు వైశాలీ. చిన్న విషయమే. కానీ మోసమే."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తెలుసు. అందుకే చెప్పేశాను. దాచి ఉంచలేకపోయాను."

లేచి వంటింటి వైపు నడిచి, గుమ్మంలో ఆగింది.

"టీ పెట్టుకుంటున్నా. నీకూ పెడతాను. లాయరుకి చెప్పకు."

నెలల తర్వాత ఆ ఇంట్లో రెండు కప్పులు ఒకేసారి చప్పుడు చేశాయి. నీళ్ళు కాగడం మొదలైంది. బావి గట్టున మట్టి కాకి మెడ తిప్పి అతన్నే చూస్తోంది.

కమలాకర్ మౌస్ అందుకున్నాడు.

పోయినసారి ఆమె చూడకుండా తను రొట్టెను కాకికి వేసినట్టే, ఈసారి గుండీని బావిలో పడేసి, ఆ పాత సేవ్ మీదే సేవ్ చేశాడు.