ఉన్నది ఉన్నట్టు

“ఏడుస్తున్న పిల్ల ఒకటి కావాలి. నాలుగింటిలోగా,” అన్నాడు చీఫ్ ఫొటోగ్రాఫర్, టీ చల్లారిపోయిందని మొహం చిట్లిస్తూ.

ట్రైనీకి అది ఆరో నెల, ఆఖరి రోజు. ఈ ఆరు నెలల్లో ఆమె నేర్చుకున్న ఫొటోగ్రఫీ చాలానే ఉంది. చీఫ్ లెన్సులు తుడవడం, చీఫ్ బ్యాగు మొయ్యడం, వానలో చీఫ్ ఫొటో తీస్తుంటే గొడుగు పట్టడం. తడిసేది ఈమె, మెప్పు ఆయనది. పత్రికలో ఫొటోగ్రాఫర్ ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. అది దక్కాలంటే ఆమె ట్రైనింగు కాగితం మీద చీఫ్ సంతకం కావాలి. చీఫ్ పెన్ను ఇంకా జేబులోంచి బయటికి రాలేదు.

“రాత్రి వానకి బడిలోకి నీళ్లొచ్చాయట. మంచి ఏడుపు పట్టుకొచ్చావనుకో, మొదటి పేజీ, ఫొటో కింద నీ పేరు, రేపట్నుంచి ఉద్యోగం. లేదనుకో...” ఆ మిగతాది నోటితో చెప్పకుండా తలుపు వైపు చూపించాడు.

“పిల్లలు ఏడవకపోతే సార్?”

చీఫ్ మనసు కష్టపెట్టుకున్నాడు. “మనం నాటకాలు ఆడించం. మన చెయ్యి కెమెరా మీదే ఉండాలి, ఎదుటివాళ్ల మీద పడకూడదు. ఉన్నది ఉన్నట్టు తియ్యాలి. అదిగో, అలాగ!”

అలాగ అంటే ఆయన కుర్చీ ఎదురుగా గోడకున్న ఫొటో. వరద నీళ్లు, మధ్యలో నాలుగైదేళ్ల పాప. ఒక కాలి చెప్పు చేతిలో ఉంది. బుగ్గల మీద ధారలు. పదిహేడేళ్ల కిందట ఆ ఏడుపుకి చీఫ్‌కు పెద్ద బహుమతి వచ్చింది, ఆ బహుమతికి ఈ కుర్చీ వచ్చింది. ఆఫీసుకు ఎవరొచ్చినా ఆ కథ వినకుండా బయటపడ్డ దాఖలా లేదు.

“ఆ పాప కళ్లు చూసి నా చేతులు వణికాయంటే నమ్ము. పాపం, ఇప్పుడు ఎక్కడుందో, ఏమైందో!” అని ఆయన నిట్టూర్చాడు. కనుక్కుందామని మాత్రం పదిహేడేళ్లుగా తీరిక దొరకలేదు.

ఉన్నది ఉన్నట్టు తియ్యడమంటే ఏమిటో ట్రైనీ మొన్నీమధ్యే చూసింది. ఎవరో పెద్దమనిషి రోడ్డు ఊడ్చే కార్యక్రమం. తీరా చూస్తే రోడ్డు అద్దంలా ఉంది. గోనెసంచీతో ఎండుటాకులు తెప్పించి చల్లారు. ఆయన మూడుసార్లు చీపురాడించి కారెక్కాడు. ఆమె తీసిన ఫొటోలో ఓ మూల గోనెసంచీ పడింది. చీఫ్ ఆ మూల కత్తిరించేసి, “ముందు ఫ్రేమ్ కట్టడం నేర్చుకో” అని క్లాసు పీకాడు.

బడికి వెళ్లే దారిలో అమ్మ ఫోన్ చేసింది.

“అడిగావా ఆయన్ని?”

“ఎలా అడగనమ్మా? ఆయన ఎదుట నోరు పెగలదు.”

“ఇవాళ కాకపోతే ఇంకెప్పుడే? ఇంట్లో నా మీద ఎగురుతావు కదా, ఆ గొంతుతోనే అడుగు.”

బడిలో మోకాలి లోతు నీళ్లున్నాయి. ఏడుపు మాత్రం చుక్క లేదు. పిల్లలు బల్లలెక్కి నీళ్లలోకి దూకుతున్నారు. ఒకడు చెత్తబుట్టతో నీళ్లు తోడి పక్కవాడి నెత్తిన పోస్తున్నాడు. ముందుపళ్లు ఊడిన ఓ పిల్ల విరగబడి నవ్వుతోంది. పాఠాలు లేవన్న సంతోషం ముందు వరద ఓ లెక్కా?

ట్రైనీ అరగంట చూసింది. గంట చూసింది. ఒక్కడైనా జారిపడి ఏడుస్తాడేమో అనుకుంది. పడ్డవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు.

టీచరుకు జాలేసింది. “ఏడుపే కదమ్మా కావాల్సింది? అంతసేపు నిలబడ్డమెందుకు! ఎవరు కావాలో చూపించు, రెండు తగిలిస్తాను. నా స్కేలు ఎక్కడ పెట్టానో...”

“వద్దు టీచర్! వద్దే వద్దు!” ట్రైనీ అంత గట్టిగా అరుస్తుందని ట్రైనీకే తెలియదు.

పళ్లూడిన పిల్ల దగ్గరికొచ్చింది. “ఏడిస్తే పేపర్లో వేస్తారా అక్కా? అయితే నేనేడుస్తా.” కళ్లు నలుపుకుంది, మూతి వంకర్లు తిప్పింది, ఊపిరి బిగబట్టింది. చివరికి ఫక్కున నవ్వేసింది.

ట్రైనీ క్లిక్‌మనిపించింది. మొదటి పేజీ చేజారిపోయిందని తెలుసు. అయినా ఆ నవ్వును ఏం చెయ్యడానికీ చేతులు రాలేదు.

నాలుగు కొట్టకముందే చీఫ్ ఎదుట నిలబడింది. ఆయన కంప్యూటర్లో ఒక్కో ఫొటో చూశాడు. అన్నిట్లోనూ పళ్లే. కొన్నిట్లో అవీ లేవు.

“ఏంటిది? పళ్లపొడి ప్రకటనా?”

“వాళ్లు నవ్వుతున్నారు సార్. ఉన్నది ఉన్నట్టే తీశాను.”

“వరదలో ఎవరైనా నవ్వుతారా? ఎవడు నమ్ముతాడు?” చీఫ్ పెన్ను తీశాడు. ఆమె కాగితం మీద ‘పనికిరాదు’ అని రాసి సంతకం గిలికాడు. ఆరు నెలలు కదలని పెన్ను అరనిమిషంలో పని ముగించింది. ఆమె కళ్లు చెమర్చాయి.

“ఇప్పుడేడ్చి లాభమేంటి? ఆ ఏడుపేదో బడిలో పట్టుకురావాల్సింది.” ఆయన గోడ వైపు చెయ్యెత్తాడు. “ఆ పాపని చూసైనా నేర్చుకోవాల్సింది. దాన్ని ఎవరు ఏడవమన్నారు? ఎవరైనా చెయ్యేశారా?”

ట్రైనీ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. తలుపుదాకా వెళ్లి ఆగింది. ఇంట్లో అమ్మ మీద ఎగిరే గొంతు ఎట్టకేలకు పెగిలింది.

“ఆ రోజు నేనూ నవ్వుతూనే ఉన్నాను సార్, మీరొచ్చి తొడపాశం పెట్టేదాకా.”