ఎర్ర బటన్ బండి

"ఒరే, ఆ ఎర్ర బటను మీద చెయ్యి పెట్టినావంటే నా మీద ఒట్టే!"

షెడ్డు గుమ్మంలో గరిటెతో నిలబడి అరిచింది మాబున్నీసా. వంటింట్లో పొయ్యి మీద పప్పు పొంగిపోతున్నా ఆమెకు పట్టలేదు.

"నొక్కకపోతే స్టార్ట్ గాదు మా," అన్నాడు కొడుకు మస్తాన్, స్టీరింగు వెనక నుంచి.

"మరి ఎర్రగా ఎందుకుంటాది? ఎర్రగుండేదేదీ మంచికి రాదు."

"పెండ్లి చీర గూడానా?"

"అది అన్నిటికంటే! మీ నాయన్ను చేసుకున్నా గదా."

దోహాలో, ఐన్ ఖాలిద్‌లోని ఆ విల్లాలో మాబున్నీసా వంటమనిషి. యజమాని కాళ్లావేళ్లా పడి, కొడుకును కడప నుంచి డ్రైవరుగా రప్పించింది ఆమే. కళ్లముందుంటే క్షేమంగా ఉంటాడనుకుంది. ఇంట్లో అందరూ బాబా అని పిలిచే ఆ యజమానికి పాత బండ్ల పిచ్చి ఉందని అప్పట్లో తెలియదు.

షెడ్డులో రెండు బెంట్లీలు. రెండూ పాతికేళ్లు దాటినవే, రెండింటికీ రెండేసి తలుపులే. కాంటినెంటల్ ఆర్ పొడుగ్గా, నిదానంగా, లోపలంతా చెక్కపనితో పెద్దవాళ్ల ఇంటి హాలులా ఉంటుంది. కాంటినెంటల్ టీ దానికి దుడుకు తమ్ముడు. కాస్త పొట్టి. చక్రాల దగ్గర కండలు తిరిగి ఉంటుంది. చెక్కకు బదులు తళతళలాడే లోహపు పలక, మధ్యలో ఆ ఎర్ర బటన్. దాన్ని చూసినప్పుడల్లా మాబున్నీసా కళ్లకు శవాన్ని మోసుకెళ్లే జనాజా కనిపించేది. మస్తాన్ టీ వేసుకుని మెసయీద్ రోడ్డెక్కాడంటే, వాడు తిరిగొచ్చేదాకా కూరలో ఉప్పు పడుతూనే ఉండేది.

ఇన్నాళ్లకు దేవుడు కరుణించాడు. బాబా తన పెద్దకూతురికి గది కట్టడానికి షెడ్డు సగం పడగొట్టిస్తున్నాడు. బండ్లలో ఒకటి అమ్మెయ్యాలి. ఏదన్నది కొనేవాడి ఇష్టం. టీ పోతే కడప పెద్ద దర్గాకు చాదర్ కప్పుతానని మాబున్నీసా మొక్కుకుంది. దర్గా కడపలో, బేరం ఖతార్‌లో. అంత దూరం నుంచి పని జరుగుతుందో లేదోనని భయమేసి తనే రంగంలోకి దిగింది.

సాయంత్రం కొనేవాడు వచ్చాడు. హమీదుద్దీన్ సేఠ్, హైదరాబాద్ మనిషి, దోహాలోనే అబూ హమూర్‌లో టైర్ల వ్యాపారం. వచ్చీరాగానే ఆర్ ఎక్కి, సీటులో వాలి, హాయిగా కళ్లు మూసుకున్నాడు.

మాబున్నీసా గుండె జారింది. చాయ్ పట్టుకుని పరుగెత్తింది.

"సేఠ్ సాబ్, అది ముసలోళ్ల బండి. ఎక్కితే నిద్రొస్తాది."

"నేను ముసలోణ్ణే గద ఆపా. నిద్రొస్తే మంచిదే. ఇంట్లనైతే వస్తలేదు."

"మీరు ముసలోళ్లని ఎవురన్నారు! ఈ టీ సూడండి. మీ మాదిరే ఎంత బిగువుగా ఉందో!"

మస్తాన్ నోరు తెరవబోయాడు. ఆమె వాడి కాలు తొక్కింది.

సేఠ్ దిగి టీ చుట్టూ తిరిగాడు. "షోకు మస్తుంది. గానీ ఇది ఉరికే రకం. నన్ను ఎత్తి పడేస్తదేమో అని భయం."

"ఎత్తి పడేసేదా! ఊయల సాబ్ ఇది. పసిబిడ్డను పండుకోబెట్టొచ్చు."

"నువ్వెక్కినవా ఎప్పుడన్నా?"

ఎక్కడమా? ఆ బండి పక్కనుంచి పోవాల్సొస్తే ఆమె గోడకు అతుక్కుని నడిచేది.

"దినామూ!" అంది.

"అట్లయితే ఎక్కు. ముగ్గురం ఒక చక్కర్ కొట్టొద్దాం."

వెనక సీటు ఆమెకూ ఆమె మోకాళ్లకూ కలిపి చాల్లేదు. ముందు సీట్లో సేఠ్ బెల్టును గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. మస్తాన్ వెనక్కి తిరిగాడు.

"నొక్కమంటావా మా?"

"నొక్కు నాయనా," అంది మాబున్నీసా నవ్వుతూ, పళ్లు బిగబట్టి.

బండి గుర్రుమంది. రోడ్డెక్కగానే మస్తాన్ ఒక్కసారి పాదం అదిమాడు. మాబున్నీసా ఒళ్లు ముందుకు పోయింది, ప్రాణం మాత్రం గేటు దగ్గరే ఆగిపోయింది. నోట్లో దేవుణ్ణి వేడుకునే దువా మొదలైంది. సేఠ్ తల తిప్పగానే దాన్నే కూనిరాగంగా మార్చేసింది.

"ఎట్లుంది ఆపా?"

"గాలి... ఎంత బాగొస్తాందో!"

అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

"భయం అయితలేదా?"

"నా కొడుకు నడుపుతాంటే భయమేంది సాబ్? వాడి చేతిలో స్టీరింగుంటే చెంబు నీళ్లు పెట్టినా తొణకవు. ఇంత నెమ్మదస్తుణ్ణి దోహా అంతా ఎతికినా సూడలేరు."

దిష్టి తగులుతుందని, పుట్టినప్పటి నుంచి వాణ్ని ఒక్క మాట పొగడని మనిషి ఆమె. మస్తాన్ చెవులు ఎర్రబడ్డాయి.

తిరిగొచ్చాక ఆమె ఎలాగో వెనక సీట్లోంచి బయటపడింది. తలుపు పట్టుకుని, దాన్ని ముద్దుగా నిమురుతున్నట్టు నటించింది. సేఠ్ నేరుగా అతిథుల గదికి, మజ్లిస్‌లో ఉన్న బాబా దగ్గరికి వెళ్లాడు. మస్తాన్‌నూ లోపలికి పిలిచారు. ఏ బండి సంగతో తేలక మాబున్నీసా వంటింట్లో ఒకే గిన్నెను మళ్లీ మళ్లీ తోమింది. చివరికి లోపలి నుంచి నవ్వులు, "మబ్రూక్" అన్న అరబ్బీ అభినందన వినిపించాయి.

మస్తాన్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"టీనే తీసుకున్నాడు మా."

ఆమె గిన్నె వదిలేసి రెండు చేతులూ పైకెత్తింది. "మామూలు చాదర్ గాదు, జరీది కప్పుతా!"

వెంటనే నెయ్యి వేడిచేసి సేమ్యా వేయించడం మొదలుపెట్టింది. "పీడ వదిలింది పో! ఇంక అది ఎవురి కొడుకును ఎత్తుకపోతే మనకేంది? నువ్వు మన ముసలి ఆర్‌లో బాబాను నిదానంగా తిప్పుకో. ఈ పొద్దు కంటినిండా నిద్రపోతా."

మస్తాన్ గుమ్మానికి ఆనుకుని తల గోక్కున్నాడు.

"నెమ్మదస్తుడైన డ్రైవరు గూడా కావాలన్నాడు సేఠ్. బండెంబడి నేను గూడా పోతాండా, మా."